సంపుటిక: ప్రాచ్యవిద్యార్థులకు వార్తాప్రసార వృత్తులయందు ప్రవేశసాధనము

ప్రాచ్యకళాశాలలో భాషాప్రవీణ పట్టము పొందిన విద్యార్థికి చిరకాలము ఒక్కటే దారి కనబడుచుండెను: పండిత శిక్షణ, పిదప ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుని పదవి. ఆ దారి ఇప్పుడు అందరికిని చాలదు. పత్రికల సంపాదక విభాగములు, ఆకాశవాణి, దూరదర్శన్ వార్తావిభాగములు, అనువాద సంస్థలు, ప్రకటనల సంస్థలు, ప్రభుత్వ పౌరసంబంధ శాఖలు భాష తెలిసినవారిని కోరుచునే యున్నవి. సంస్కృతమునకు సయితము ఇందు చోటు లేకపోలేదు. మైసూరు నుండి ‘సుధర్మా’ సంస్కృత దినపత్రిక 1970లో వెలువడ నారంభించెను. ఆకాశవాణి 1974 జూన్ 30న సంస్కృత వార్తలను ప్రారంభించెను.

అయితే ఈ వృత్తులకు అభ్యర్థులను ఎన్నుకొనువారు పట్టమును చూచి తృప్తి చెందరు. “నీవు వ్రాసిన దేది?” అని అడుగుదురు. అప్పుడు కౌముదియు, వసుచరిత్రయు చదివిన విద్యార్థి అంకపత్రమును మాత్రమే చూపగలుగుచున్నాడు. అతనికంటె తక్కువ చదివి, తాను వ్రాసిన పది పుటలను తెచ్చినవాడు ముందునకు పోవుచున్నాడు. ఇందు అన్యాయమేమియు లేదు. పట్టము చదివినదానికి సాక్ష్యము. వారు అడుగుచున్నది చేయగలదానికి సాక్ష్యము.

ఇట్టి సాక్ష్యములను కూర్చిన దానిని ఇంగ్లీషు చదువులలో పోర్ట్‌ఫోలియో అందురు. తెలుగున దీనికి క్రొత్త మాటను కల్పింప నక్కరలేదు. రాజశేఖరుడు కావ్యమీమాంస పదవ అధ్యాయమున కవిచర్యను చెప్పుచు, కవి చెంత నుండవలసిన సామగ్రిలో సంపుటికను మొదట పేర్కొనెను. పలక, సుద్ద, గంటము, మసిబుడ్డి, తాటాకులు మున్నగునవి తరువాత వచ్చును. అక్కడ సంపుటిక యనగా పెట్టె. దానిని వ్రాతల కూర్పునకు వాడుకొనుట మనము చేయు విస్తరణము. ఆ గ్రంథము బరోడాలో 1916లో గైక్వాడ్ ప్రాచ్యగ్రంథమాల ప్రథమ కుసుమముగా అచ్చైనది. మన కళాశాలలలో అలంకారశాస్త్ర పాఠము ధ్వనివిచారముతో ముగియుటచే ఈ అధ్యాయమును తెరచువారు అరుదు.

ఆ అధ్యాయముననే రాజశేఖరుడు కవి దినమును ప్రహరములుగా విభజించి, ఒక ప్రహరము చదువునకు, ఒకటి రచనకు, ఒకటి గోష్ఠికి కేటాయించి, నాలుగవ దానిని ఉదయమున వ్రాసినదానిని పరీక్షించుకొనుటకు విడిచెను. రసావేశమున వ్రాయుచున్నప్పుడు వివేచన దృష్టి పనిచేయదని ఆయన చూపిన కారణము. ముగిసిన ప్రబంధమునకు పెక్కు ప్రతులు వ్రాయించి యుంచుకొమ్మనియు చెప్పెను. అగ్నిచేతను, నీటిచేతను, పరుల చేత నుంచుటచేతను గ్రంథములు నశించునట. కంప్యూటరులో ఒకేచోట దాచి పోగొట్టుకొను నేటి విద్యార్థికి ఈ మాట అక్షరాలా వర్తించును.

సంపుటికలో నేమి చేర్చవలెనని అడుగుటకంటె, చేర్చినదానిని ఏ కొలతతో కొలువవలెనని అడుగుట మేలు. ఆ కొలత అర్థశాస్త్రము రెండవ అధికరణమున శాసనాధికారమునందు సిద్ధముగా నున్నది. కౌటిల్యుడు లేఖనమునకు అర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత్వము అను నారు గుణములను, అకాంతి, వ్యాఘాతము, పునరుక్తము, అపశబ్దము, సంప్లవము అను నైదు దోషములను చెప్పెను. ముఖ్యవిషయమును ముందుగా చెప్పుట అర్థక్రమము. వార్తారచనలో మొదటి వాక్యమునకు ఇదియే సూత్రము. ప్రసిద్ధమైన పదములను వాడుట స్పష్టత్వము. విడదీయరానిచోట విడదీయుట, విడదీయవలసినచోట కలిపివేయుట సంప్లవము. పేరాలు విభజింపనేరని విద్యార్థికి దీనిని మించిన పాఠము లేదు.

ఒక ఉదాహరణము. “తదుపరి ఉత్తర్వులు వచ్చు పర్యంతము కాలువలకు నీటి విడుదల నిలుపుదల చేయబడినది” అను కార్యాలయ ప్రకటనను రైతులకు తెలియునట్లు వ్రాయుమనిన, విద్యార్థి మొదట “కాలువలకు నీళ్లు ఆపేశారు” అని వ్రాయును. స్పష్టత్వము వచ్చినది, పరిపూర్ణత పోయినది. ఎంతవరకు ఆపిరి? రెండవమారు “మళ్లీ ఉత్తర్వు వచ్చేదాకా కాలువలకు నీళ్లు వదలరు” అని దిద్దును. ఇప్పుడు మూలమునందే లేని లోపము బయటపడును: ఏ కాలువలకు, ఏ తేదీనుండి? దానిని కార్యాలయమునకు పోయి అడిగి తెలిసికొని చేర్చినప్పుడే వార్త పూర్తియగును. మూలము, రెండు చిత్తుప్రతులు, తుదిప్రతి, ప్రతి దిద్దుబాటు ప్రక్కన దాని కారణము, ఇవన్నియు సంపుటికలో నుండవలెను. శుద్ధప్రతి మాత్రమే చూపుట పూర్వము చాలియుండెనేమో. యంత్రము క్షణములో శుద్ధప్రతిని ఇచ్చు నేటికాలమున దిద్దిన జాడయే వ్రాసినవాని చేతికి గుర్తు.

ఇదే రీతిని సంస్కృతమునుండి తెలుగునకు ఒక అనువాదము, ఇంగ్లీషునుండి ఒకటి, స్థానిక దేవాలయ శాసనమును గాని ఒక చేతివృత్తిని గాని గూర్చిన పరిచయ వ్యాసము, స్వయముగా చదివి ధ్వనిముద్రణ చేసిన అయిదు నిమిషముల వార్తలు చేరిన చాలును. ఎనిమిది పదింటికి మించనీయరాదు. చదువువాడు తీరికగా చదువడు.

భాషను గూర్చి యొక మాట. గ్రాంథికమున శిక్షణ పొందిన విద్యార్థి వ్యావహారికమును చులకన చేయుచు సంపుటికను కూర్చినచో అది ఏ పత్రికా కార్యాలయమునను నిలువదు. వ్యాకరణము నేర్చినవాడు ఏ శైలి ఎచ్చట తగునో ఎరుగవలెను. ఔచిత్యవిచారము మనకు నేర్పినది అదియే.

“తన వ్రాతలను తానే ప్రదర్శించుకొనుట ఆత్మస్తుతి కాదా?” యని కొందరు ఉపాధ్యాయులు సంకోచింతురు. స్తుతి వేరు, పరీక్షకు నిలుచుట వేరు. కావ్యకారులు ఉజ్జయినిలోను, శాస్త్రకారులు పాటలీపుత్రములోను పరీక్షకు నిలిచిరని రాజశేఖరుడే చెప్పెను. అసలు భయపడవలసినది అపహరణమునకు. శబ్దార్థహరణములకు ఆయన మూడు అధ్యాయములు కేటాయించెను. సహాధ్యాయి పంక్తిని గాని, పత్రికావ్యాసమును గాని, యంత్రము కూర్చిన పేరాను గాని తనదిగా చేర్చినచో సంపుటిక యంతయు వ్యర్థమగును. సాయము పొందినచోట పొందితినని వ్రాయుట నేర్పవలెను.

ఈ పని చివరి సంవత్సరపు చివరి నెలలో చేయునది కాదు. మొదటి సంవత్సరమునుండి మాసమునకొక రచన వ్రాయించి, దిద్ది, దాచిన, పట్టము వచ్చునాటికి ముప్పదికి పైగా చేరును; వానినుండి పదింటిని విద్యార్థియే ఏరుకొనవలెను. ఏరుటయు పరీక్షయే. పిదప మిథిలలో ప్రసిద్ధమైన శలాకాపరీక్ష రీతిని, అధ్యాపకుడు సంపుటికలో తనకు తోచిన పుటను తెరచి, ఈ పదమును ఏల వాడితివి, దీనిని ఏల కొట్టివేసితివి అని అడుగవలెను. విద్యార్థి ఉత్తరము చెప్పలేని పుటను అక్కడికక్కడే తీసివేయవలెను.