పాత కారు ఏం చెబుతోంది?

పాత కారును కిరాయికి తిప్పి బతికే ఇళ్లు ఉన్నాయి. అంబాసిడర్, మారుతి 800 కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అయినా కొన్ని ఇంకా నడుస్తున్నాయి.

బండి ఆగితే ఆ రోజు కిరాయి పోతుంది. పైన రిపేరు ఖర్చు. ఏది చెడిందో తెలుసుకోకుండా ఒక సామాను మార్చి, అది కాదంటే ఇంకొకటి మారిస్తే డబ్బు నీళ్లలా పోతుంది. అందుకే ముందు చూడాలి. వినాలి. వాసన పట్టాలి. ఆ తర్వాతే సామాను కొనాలి.

ఇది మగవాళ్ల పని అనుకోకండి. అన్నం అడుగంటితే వాసనతోనే కనిపెడతాం కదా! బండి కూడా అలాగే గుర్తులు చూపిస్తుంది.

తాళం తిప్పితే ఇంజన్ తిరగడం లేదు

ఒక ఇంట్లో కారు స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే "టిక్ టిక్" అంటోంది.

"బ్యాటరీ పోయిందమ్మా. కొత్తది వేయాల" అన్నాడు మెకానిక్.

"ఉండన్నా. పెద్ద లైట్లు వేసి, ఒకసారి తాళం తిప్పి చూద్దాం" అన్నది ఆ ఇంటి అక్క.

లైట్లు బాగానే వెలిగాయి. తాళం తిప్పగానే మసకబారాయి. బానెట్ ఎత్తి చూశారు. బ్యాటరీ మీద వైర్లు బిగించే రెండు బొడిపెలు ఉంటాయి. వాటికి తెల్లగా, పచ్చగా చిలుము పట్టి ఉంది. చిలుము తీసి, వైర్లు గట్టిగా బిగించారు. బండి స్టార్ట్ అయింది. కొత్త బ్యాటరీ ఖర్చు తప్పింది.

ఎందుకిలా జరిగింది? లైటుకు కొంచెం కరెంటు చాలు. ఇంజన్ను తిప్పే సెల్ఫ్ మోటారుకు చాలా కరెంటు కావాలి. చిలుము అడ్డం ఉంటే అంత కరెంటు పోదు.

ఈ మూడు గుర్తులు పెట్టుకోండి.
- లైట్లు మొదటి నుంచీ మసకగా ఉంటే బ్యాటరీలో కరెంటు తక్కువ.
- తాళం తిప్పినప్పుడే మసకబారితే చిలుము గానీ, వదులు వైరు గానీ, బలం తగ్గిన బ్యాటరీ గానీ కారణం.
- లైట్లు తగ్గకుండా, శబ్దమూ రాకపోతే సెల్ఫ్ మోటారును, దాని వైర్లను చూడాలి.

చిలుము తీసేటప్పుడు ఇంజన్ ఆపండి. కారు బాడీకి కలిపిన వైరును ముందు విప్పండి. బిగించేటప్పుడు దాన్ని చివర బిగించండి. వంటసోడా కలిపిన నీళ్లతో బొడిపెలు కడగండి. బ్యాటరీ మూతలు మూసే ఉంచండి. సోడా నీళ్లు లోపలికి పోకూడదు. దగ్గర అగ్గిపుల్ల గీయవద్దు. లోపలి యాసిడ్ చేతికి తగిలితే వెంటనే నీళ్లతో బాగా కడగాలి.

ఇంజన్ తిరుగుతోంది, స్టార్ట్ కావడం లేదు

ఇంజన్ జోరుగా తిరుగుతుంటే బ్యాటరీని అనుమానించే పని లేదు. పెట్రోలు ఇంజన్‌కు మూడు కావాలి: పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. నిప్పురవ్వ ఇచ్చేది ప్లగ్గు. ట్యాంకులో పెట్రోలు ఉందా? ప్లగ్గు వైర్లు ఊడిపోయాయా? వానకు తడిశాయా? ముందు ఇవి చూడండి. పెట్రోలు వాసన గుప్పున వస్తే తాళం తిప్పడం ఆపండి. పెట్రోలు ఎక్కడైనా కారుతోందేమో చూపించండి.

దారిలో ఎర్ర లైటు వెలిగింది

బండి నడుస్తుండగా బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు వెలిగిందా? ఇంజన్ కూడా వేడెక్కుతోందా? ఇవి రెండు జబ్బులు కాకపోవచ్చు. ఈ కార్లలో బ్యాటరీకి కరెంటు ఎక్కించే డైనమో, ఇంజన్‌కు నీళ్లు తిప్పే పంపు ఒకే బెల్టుతో తిరుగుతాయి. ఆ బెల్టు తెగితే రెండూ ఆగిపోతాయి. అప్పుడు బండిని పక్కకు ఆపాలి. అలాగే నడిపితే ఇంజన్ పాడవుతుంది.

వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయవద్దు. మరిగే నీళ్లు ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది. పూర్తిగా చల్లారనివ్వండి.

పొగ రంగు చూడండి

పెట్రోలు కారు నల్ల పొగ వదిలితే పెట్రోలు ఎక్కువ పోతోంది. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిలు కాలుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా దట్టమైన తెల్ల పొగ ఆగకపోతే ఇంజన్ లోపలికి నీళ్లు దిగుతున్నాయేమో చూపించాలి. చలికాలం పొద్దున కాసేపు వచ్చే తెల్లటి ఆవిరికి భయం లేదు.

ఫ్యూజు

ఒక్క హారనో, ఒక్క లైటో పనిచేయకపోతే ముందు ఫ్యూజు చూడండి. లోపలి సన్న తీగ కాలిపోయి ఉంటుంది. ఫ్యూజు మీద అంకె ఉంటుంది. అదే అంకె ఉన్నది వేయాలి. దాని బదులు మామూలు తీగ చుట్టవద్దు. వైర్లు కాలి బండి అంటుకోవచ్చు. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే వైరు ఎక్కడో తగులుతోందని అర్థం.

ఒక్క మాట మరవకండి. బ్రేకు మెత్తగా లోపలికి పోతుంటే ఆ బండిని నడపనివ్వవద్దు. కిరాయి పోతే రేపు వస్తుంది.

ఇప్పుడు మనకు రాయడం వచ్చు. బండికి ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీన చెడింది, పొద్దున చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఏ శబ్దం, ఏ వాసన — అన్నీ రాయండి. అది మెకానిక్కుకు చూపించండి. బిల్లు చదివి డబ్బు ఇవ్వండి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి.

చెప్పండి
1. తాళం తిప్పగానే లైట్లు మసకబారితే ముందు ఏం చూడాలి?
2. ఫ్యూజు బదులు తీగ ఎందుకు చుట్టకూడదు?

రాయండి
బ్యాటరీ, బెల్టు, ఫ్యూజు, రేడియేటర్, పొగ.