బయాలజీ టీచర్ కావాలంటే ల్యాబ్ నుంచే మొదలుపెట్టండి

బొమ్మ గీసి భాగాలు గుర్తించడం, మిగతాదంతా బట్టీ పట్టడం. జీవశాస్త్రం గురించి హైస్కూలు పిల్లల్లో చాలామందికి ఉన్న అభిప్రాయం ఇదే. దాన్ని మార్చగలిగేది తరగతి గదిలోని టీచర్ ఒక్కరే. అందుకే బీఎస్సీ బీజడ్‌సీ చదువుతూ స్కూల్ అసిస్టెంట్ పోస్టు మీద ఆశ పెట్టుకున్నవాళ్లు కోచింగ్ మెటీరియల్ కన్నా ముందు మైక్రోస్కోప్‌తో చనువు పెంచుకోవాలి.

దారి తెలిసిందే. డిగ్రీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదివి, ఎడ్‌సెట్ రాసి, రెండేళ్ల బీఈడీలో బయలాజికల్ సైన్స్ మెథడాలజీ తీసుకోవాలి. తర్వాత టెట్ పేపర్-2, ఆపైన డీఎస్సీ. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు సింగిల్ మేజర్ డిగ్రీలు వచ్చాయి కాబట్టి బోటనీ మేజర్ అయితే జువాలజీని మైనర్‌గా ఎంచుకోవడం క్షేమం. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చేసినవాళ్లు మాత్రం బీఈడీలో చేరకముందే గత డీఎస్సీ నోటిఫికేషన్‌లోని అర్హతల పట్టికను ఒకసారి చూసుకోవాలి. బీఈడీ ఉంటే సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్‌జీటీ) పోస్టుకు కూడా పోటీ పడొచ్చులే అనే భరోసా ఇక లేదు. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇంటర్ బైపీసీలో ఉండగానే టీచర్ కావాలని నిర్ణయించుకున్నవారికి ఇంకో దారి ఉంది: నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఎస్సీ బీఈడీ. మన దక్షిణాది రాష్ట్రాలకు మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థ దీనికి పాత చిరునామా. 2030 నాటికి టీచర్లకు నాలుగేళ్ల కోర్సే కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ సైన్స్ ఆలోచన ఉంటే సీటెట్ కూడా రాయాలి.

బైపీసీ వాళ్లను టెట్‌లో దెబ్బతీసేది లెక్కలే. పేపర్-2లో గణితం, సైన్స్ కలిపి 60 మార్కులు. తెలంగాణలో అందులో సగం గణితానిది. జీవశాస్త్రం కంటెంట్‌కు దక్కేది 12 మాత్రమే. పదో తరగతితో లెక్కలు వదిలేసిన అభ్యర్థి అర్హత మార్కులతోనే సరిపెట్టుకుంటాడు. డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది. అంటే టెట్‌లో ఏడున్నర మార్కులు పెరిగితే తుది జాబితాలో ఒక మార్కు కలుస్తుంది. డీఎస్సీలో ప్రశ్నకు అర మార్కు కాబట్టి అది రెండు ప్రశ్నలతో సమానం. బీఈడీ మొదటి ఏడాదిలోనే ఆరు నుంచి పది దాకా గణితం పుస్తకాలు ముందేసుకుని రోజూ కొన్ని లెక్కలు చేయండి. టెట్‌కు ఇప్పుడు జీవితకాల చెల్లుబాటు ఉన్నా, స్కోరు పెంచుకోవడానికి మళ్లీ రాసుకోవచ్చు.

ఇక అసలు శిక్షణ సంగతి. బీఈడీలో హాజరు వేయించుకుని పరీక్షల నాటికి వెళ్తే చాలని చెప్పే కాలేజీలు ఉన్నాయి. దయచేసి అలాంటిచోట చేరవద్దు. రెండేళ్లలో దాదాపు 20 వారాలు బడిలో గడపాలన్నది నిబంధన. టీచింగ్ ప్రాక్టీస్, ఇంటర్న్‌షిప్ అన్నీ అందులోనే. రికార్డులు పక్కవాళ్లవి చూసి రాసేస్తే ఆ వారాలన్నీ వృథా.

ఆకులో పిండిపదార్థ పరీక్షనే తీసుకోండి. ఆకును ముందు నీళ్లలో మరిగించాలి. తర్వాత పరీక్షనాళికలో స్పిరిట్ పోసి, అందులో ఆకు వేసి, ఆ నాళికను వేడినీళ్ల బీకరులో ఉంచాలి. స్పిరిట్‌ను నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. పత్రహరితం దిగిపోయి ఆకు తెల్లబడ్డాక, పెళుసుగా ఉంటుంది కాబట్టి కడిగి మెత్తబరచి, అప్పుడు అయోడిన్ చుక్కలు వేయాలి. నీలినలుపు రంగు వస్తుంది. ఇదంతా సొంతంగా చేసినవాళ్లకు స్పిరిట్ ఎందుకు, వేడినీళ్లు ఎందుకు అన్న ప్రశ్నలు డీఎస్సీలో ఎలా తిప్పి అడిగినా తడబాటు ఉండదు. తెలంగాణ డీఎస్సీలో 80 మార్కుల పేపర్లో కంటెంట్‌కు 44, మెథడాలజీకి 16. ఆ రెండింటికీ ఒకే ప్రయోగం పనికొస్తుంది.

గుండె పాఠానికి మాంసం కొట్టు నుంచి మేక గుండె తెప్పించి కోసి చూపించండి. ఎడమ జఠరిక గోడ కుడిదానికన్నా ఎంత మందమో పిల్లలు వేలితో తాకి చూస్తే, ఒంటినిండా రక్తాన్ని నెట్టే పని దేనిదో వాళ్లే చెప్తారు. నా దృష్టిలో ఇంతకన్నా మంచి బోధనోపకరణం (టీఎల్‌ఎం) లేదు.

ప్రత్యుత్పత్తి పాఠాన్ని చాలా బడుల్లో ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని దాటేస్తారు. నెలసరి గురించి, ఎదిగే వయసు మార్పుల గురించి శాస్త్రీయంగా చెప్పే పెద్దమనిషి ఆ టీచర్ తప్ప ఇంకెవరూ లేని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఇంటర్న్‌షిప్‌లో అడిగి మరీ ఆ పాఠం తీసుకోండి. సూపర్‌వైజర్ ఎదుట ఒకసారి చెప్పగలిగితే బెరుకు సగం పోతుంది.

డీఎస్సీలు ఏటా రావు. 2024లో తెలంగాణలో 11,062 పోస్టులు, 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులు భర్తీకి వచ్చినా, వాటిలో బయాలజీ వాటా చిన్నదే. మీ జిల్లాలో, మీ రోస్టర్‌లో ఎన్ని ఉన్నాయన్నదే లెక్క. కాబట్టి నోటిఫికేషన్ వచ్చేదాకా గదిలో కూర్చుని చదవకుండా ప్రైవేటు బడిలోనైనా పాఠాలు చెప్పండి. చేరేముందు జీతంతో పాటు రెండు విషయాలు అడగండి: ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంటుంది, వారానికి ప్రాక్టికల్ పీరియడ్లు ఎన్ని.