విత్తనంలోని దెబ్బ - పసివాళ్ళ క్యాన్సరు

“విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?” అంటారు మా పల్లెల్లో. రైతు బిడ్డను గనుక ఈ సామెతతోనే మొదలుపెడుతున్నాను. పోలికల మాట ఎలా ఉన్నా, జబ్బుల విషయంలో ఈ సామెత సగమే నిజం. 2015లో అమెరికాలో క్యాన్సరు వచ్చిన 1,120 మంది పిల్లల, యువకుల జన్యువులను పరీక్షిస్తే, పుట్టుకతో వచ్చిన లోపం నూటికి 8, 9 మందిలోనే కనిపించింది. ఆ కొద్దిమంది సంగతి తెలియాలంటే రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సరును పరిశీలించాలి.

ఇది చాలావరకు 5 ఏళ్ళలోపు పిల్లలకు వచ్చే జబ్బు. కొందరికి ఒక కంట్లో వస్తుంది. కొందరికి రెండు కళ్ళలోనూ, అదీ మరీ పసితనంలోనే వస్తుంది. ఎందుకీ తేడా? 1971లో ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అనే అమెరికన్ వైద్యుడు 48 మంది రోగుల వివరాలను లెక్కగట్టి, కణం అదుపు తప్పాలంటే రెండు దెబ్బలు తగలాలని తేల్చాడు.

చేనుకు రెండు వరసల కంచె ఉందనుకోండి. ఒకటి పడిపోయినా రెండోది పశువుల్ని ఆపుతుంది. మన 13వ క్రోమోసోముల జతలో ఆర్.బి.1 అనే జన్యువు అలాంటిదే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. కణాలు ఇష్టమొచ్చినట్లు విభజన చెందకుండా ఇవి అడ్డుకుంటాయి. మామూలు బిడ్డలో ఒకే కణంలో రెండూ చెడిపోవడం బహు అరుదు. కాని పుట్టుకతోనే ఒక కంచె లేని బిడ్డకు ప్రతి కణంలోనూ మిగిలింది ఒక్కటే. అందుకే త్వరగా, రెండు కళ్ళకూ వస్తుంది. 1986లో శాస్త్రజ్ఞులు ఈ జన్యువును వేరుచేయగలగడంతో నడ్సన్ ఊహకు బలం చేకూరింది.

ఇక అసలు సంగతి. బిడ్డకు ఇలాంటి జబ్బు వస్తే మన ఊళ్ళల్లో ముందు తల్లిని అంటారు, లేదా పూర్వజన్మ పాపమంటారు. శాస్త్రం చెప్పేది వేరు. పుట్టుకతో లోపమున్న పిల్లల్లో ఎక్కువమంది ఇళ్ళల్లో అంతకు ముందు ఈ జబ్బే లేదు. లోపం కొత్తగా పుడుతుంది. అదీ ఎక్కువగా తండ్రి బీజకణంలోనే! అలాగని తండ్రి చేసిన తప్పూ కాదు. కణం నకలు తీసుకునేటప్పుడు దొర్లే పొరపాటు అది.

అయితే ఆ లోపమున్న బిడ్డ పెరిగి పెద్దయితే, తన పిల్లల్లో ఒక్కొక్కరికీ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. అలాంటి ఇంట పుట్టిన శిశువుకు పుట్టిన నాటి నుంచే కంటి పరీక్షలు జరిపిస్తే గడ్డను చిన్నగా ఉండగానే పట్టవచ్చు. ప్రాణమూ, చాలాసార్లు చూపూ దక్కుతాయి.

మిత్రులారా, సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఒక్క మాట చెప్పండి: పసిబిడ్డ కంటిపాపలో తెల్లని మెరుపు కనిపిస్తే, పిల్లికన్నని నవ్వి ఊరుకోవద్దు. పసరు మందులు పొయ్యొద్దు. వెంటనే కంటి డాక్టరుకు చూపించమనండి.