చిరునామాయు మనుష్యుఁడును

విద్యార్థులారా, గత సంవత్సరము సికింద్రాబాదులోని మన వసతిగృహమందు బాలుఁడొకఁడు విద్యార్థివేతనమునకు దరఖాస్తు నింపుచుండఁగా, కంప్యూటరుపై “మీ చిరునామా నిషేధింపఁబడినది” అని కానవచ్చెను. “ఏమి చేసితివి?” అని నేను వానిని గద్దించితిని. అతఁడు నిర్దోషి.

కారణము వినుఁడు. ఇంటర్నెట్టునఁ బ్రవేశించుటకు ఐ.పి. చిరునామా యను సంఖ్య కావలెను. 1981లో నేర్పడిన పద్ధతి ప్రకార మట్టి సంఖ్యలు సుమారు 429 కోట్లు మాత్రమే. యంత్రములు అంతకు మించుటచేత, ఒక్క సంఖ్యను అనేకులు పంచుకొనుచున్నారు. వారిలో నొకఁడు అల్లరి చేసినచో తలుపు అందఱికిని మూయఁబడును.

2007 జనవరి 1వ తేదీన వికీపీడియావారు ఒక్క సంఖ్యను నిషేధించిరి. ఖతరు దేశ మించుమించుగా నంతయు నా సంఖ్యనే వాడుచుండెను. కావున అచ్చట పేరు నమోదు చేసికొననివారు కొన్ని గంటలపాటు అందేమియు వ్రాయలేకపోయిరి.

మీకిట్లు జరిగినచో భయపడకుఁడు. కనఁబడిన సందేశమును, సంఖ్యను, సమయమును వ్రాసికొని నిర్వాహకులకు వినయముగాఁ దెలుపుఁడు. మన బాలుఁ డట్లే చేయఁగా, మఱునాఁడు నిషేధము తొలఁగెను.

చిరునామా ద్వారమును జూపును గాని లోనివానిని జూపదు. ఇది తెలియక గద్దించినందుకు నేను వానిని క్షమాపణ వేఁడితిని.