పిల్లలు దేవుడి గురించి అడిగితే ఏం చెప్పాలి?





మన కొంపల్లి వైపు బౌద్ధం తీసుకున్న ఇళ్లలో పిల్లలకు ఒక చిక్కు ఉంది. అమ్మానాన్న త్రిశరణం, పంచశీల చెప్పిస్తారు. ఆదివారం నానమ్మ చర్చికి తోలుకపోతది. బడిలో ఇంకో ప్రార్థన. "అమ్మా, మన దేవుడెవరు?" అని ఐదేళ్ల పిల్ల అడుగుతది. "పెద్దయినంక తెలుస్తది లే" అని దాటేస్తే, ఆ జవాబు వేరేవాళ్లు చెప్తారు.

బుద్ధుడు పిల్లవాడికి ఎట్లా చెప్పాడో చూడండి. రాహులుడు ఏడేళ్లకే సంఘంలో చేరాడని మన సంప్రదాయం. అబద్ధం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు బుద్ధుడు కాళ్లు కడుక్కున్న గిన్నెలో కొంచెం నీళ్లు మిగిల్చి చూపించాడు. తెలిసీ అబద్ధమాడి సిగ్గుపడనివాడిలో మంచితనం ఇంతే అన్నాడు. ఆ నీళ్లు పారబోశాడు, గిన్నె బోర్లించాడు, మళ్లీ తిప్పి ఖాళీగా ఉందని చూపించాడు. ముఖం చూసుకోవడానికి అద్దం ఉన్నట్టే, పని చేసేముందు, చేసేటప్పుడు, చేసినంక మనసులో చూసుకొమ్మన్నాడు: దీనివల్ల నాకు గానీ ఇంకొకరికి గానీ బాధ కలుగుతదా? ఈ బోధను భిక్షువులూ ఉపాసకులూ తరచూ వినాలని అశోకుడు బైరాట్ శాసనంలో చెక్కించాడు.

అందులో దేవుడూ లేడు, నరకం భయమూ లేదు. గిన్నె, నీళ్లు, అద్దం. మనమూ అట్లాగే చెప్పాలి.

"బుద్ధుడు దేవుడా?"
కాదు. మనలాగే పుట్టి, ఆలోచించి, మేల్కొన్న మనిషి. హుస్సేన్ సాగర్ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు చెప్పండి: ఈ విగ్రహం వరాలు ఇవ్వదు, నడవాల్సిన దారిని గుర్తు చేస్తది.

"విష్ణువు అవతారం అంటున్నరు కదా?"
1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఐదోది దీని గురించే. బుద్ధుడు అవతారం కాదు, మనిషి అని పిల్లకు సూటిగా చెప్పండి.

"నానమ్మ చర్చికి పోవుడు తప్పా?"
తప్పు కాదు. మెదక్ చర్చి చూపించి, కరువు రోజుల్లో ఆ కట్టడం పని మన పెద్దలెందరికో ఇంత తిండి పెట్టిందని చెప్పండి. అది 1924లో పూర్తయింది. నానమ్మ దేవుణ్ణి నమ్ముతది, మనం మన నడత చూసుకుంటం. అబద్ధం, దొంగతనం ఇద్దరికీ తప్పే. నానమ్మ నమ్మకాన్ని ఎగతాళి చేసే పిల్లకు మనం మైత్రి నేర్పనట్టే.

బడి ప్రార్థనతో పిల్లలు ఇబ్బంది పడితే మీరు వెళ్లి మర్యాదగా మాట్లాడండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడిలోనైనా, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధలో, మతారాధనలో పాల్గొనమనడానికి వీల్లేదని రాజ్యాంగం 28(3) అధికరణం చెప్తుంది.

అట్లని "బుద్ధుడు చెప్పిండు, నమ్ము" అని కూడా అనకండి. గురువు చెప్పాడని ఊరికే ఒప్పుకోవద్దని కాలాములకు చెప్పింది బుద్ధుడే. పిల్ల ఎదురు ప్రశ్న వేస్తే సంతోషించండి.

ఈ వారం అభ్యాసం: రాత్రి అన్నం తిన్నాక ఒక గిన్నెలో కొంచెం నీళ్లు పోసి రాహులుడి కథ చెప్పండి. తర్వాత ఇంట్లో ప్రతి ఒక్కరూ ఆ రోజు ఆడిన అబద్ధం ఒకటి చెప్పాలి. ముందు పెద్దలే మొదలుపెట్టాలి. ఫోన్ వస్తే "నాన్న ఇంట్ల లేడని చెప్పు" అని పిల్లవాడితో అనిపించే ఇంట్లో నాలుగో శీలం గోడ మీద పటంగానే మిగులుతది.

జై భీమ్!