అతిథిమిత్రులతో ధర్మప్రసంగము

అన్యమతస్థుడగు మిత్రుడు మన గృహమునకు వచ్చి రెండు దినములు నిలిచినప్పుడు, భగవద్విషయమై యాతనితో నెట్లు సంభాషింపవలెనను ప్రశ్న స్వల్పముగ దోచును గాని స్వల్పమైనది కాదు. సభలయందు మనము ఏకేశ్వరుని గూర్చియు, మానవసౌభ్రాత్రమును గూర్చియు ఉపన్యసింతుము. ఆ మాటలు సత్యములో కావో తేలునది మన యింటి వసారాలోను, భోజనపు బంతిలోను.

కొందరు మర్యాదకై మతప్రసంగమే వలదందురు; వర్షములను, వ్యాజ్యములను గూర్చి మాటలాడి మిత్రుని సాగనంపుదురు. కలహము తప్పును, నిజమే. కాని యొకని హృదయమున కత్యంతప్రియమైన దానిని అడుగకయే పంపుట సత్కార మెట్లగును? మఱికొందరు అతిథిని ప్రతివాదిగ నెంచి ప్రశ్నింతురు. అది న్యాయస్థానమున జెల్లును గాని గృహమున జెల్లదు. ఈ రెంటికి నడుమ నొక మార్గము కలదు. బ్రాహ్మసమాజ చరిత్రమే దానిని మనకు జూపుచున్నది.

మొదటిది, పరదూషణము లేకుండుట. రాజా రామమోహనరాయలు 1815లో ఆత్మీయసభను నెలకొల్పి, మిత్రులను దన గృహమునకే పిలిచి ధర్మవిచారము సలిపెను. పిదప 1830 జనవరి 8వ తేదీని వ్రాయబడిన సమాజమందిరపు ట్రస్టు దస్తావేజు, భక్తితో వచ్చు సకలజనులకు నా మందిరము తెఱచియుండవలె ననియు, అన్యులు పూజించు దేనిని గాని యచ్చట నిందింపరా దనియు విధించినది. విగ్రహారాధనమును నిర్భయముగ ఖండించిన మహనీయుడే యీ నియమమున కంగీకరించెను. ఖండనము వేఱు, నింద వేఱు. కారణము జూపునది ఖండనము. మనస్సు నొప్పించునది నింద.

రెండవది, అధ్యయనము. కేశవచంద్రసేనుడు తన సహచరులలో నొక్కొక్కరికి నొక్కొక్క మతమును బఠింప నప్పగించెను. ఇస్లాము గిరీశచంద్రసేనుని వంతు వచ్చెను. ఆయన నడివయస్సున అరబ్బీ నేర్చి, 1881 మొదలు 1886 వఱకు ఖురానును వంగభాషలో బ్రకటించెను. మనమో, వినికిడిమాటలతోనే మహమ్మదీయ మిత్రునకు ఆతని మతమును బోధింప జూతుము!

మూడవది, మనస్సు మార్చుకొనుటకు సిద్ధపడుట. విలియం ఆడమను బాప్టిస్టు మిషనరీ రామమోహనునితో గలసి సువార్తలను వంగభాషలోనికి మార్చుచుండెను. యోహాను సువార్తయందలి యొక చిన్న గ్రీకుపదమునకు ‘చేత’ యని యర్థమా, ‘ద్వారా’ యని యర్థమా యను చర్చ పుట్టెను. ఆ చర్చ ఫలితముగ ఆడము 1821లో త్రిత్వవాదమును విడిచి, స్వసంఘీయుల యాగ్రహమునకు బాత్రుడయ్యెను. దీనిని మన విజయముగ జెప్పుకొనుట తగదు. రామమోహనుడును అంతకుముందే యేసు నీతిబోధలను హృదయమున నిలుపుకొని, 1820లో వానిని గ్రంథముగ బ్రకటించియుండెను. ఇచ్చి పుచ్చుకొనుటయే సంభాషణము.

నాలుగవది యన్నిటికన్న గఠినము. సాయంకాలమువఱకు దేవు డొక్కడేయని మిత్రునితో ముచ్చటించి, విస్తళ్లు వేయు వేళకు ఆతని విస్తరి వసారాలో వేఱుగ వేయించు గృహములు నేటికిని లేకపోలేదు. కారణ మడిగిన, ఇంటి స్త్రీలు ఒప్పరందురు. ఆ స్త్రీల నే దినమైన నీ ప్రసంగమునకు బిలిచితిరా? వారి సందేహముల నడిగితిరా? మాటకు బిలువని వారిపై నేరము మోపుట న్యాయము గాదు. మన యాంధ్రదేశమున రఘుపతి వేంకటరత్నముగారు కాకినాడలో అనాథలకును, అస్పృశ్యులనబడిన విద్యార్థులకును వసతి గల్పించిరి. ఏకేశ్వరవాదము ఉపన్యాసమునుండి అన్నశాలకు నడువవలె నని యాయన కార్యమే బోధించుచున్నది.

కావున సోదరులారా, మతము లన్నియు నొక్కటేయని తొందరపడి ప్రసంగమును ముగింపకుడు. భేదమున్న చోట భేదమును స్పష్టముగ నొప్పుకొనుడు. ఒప్పుకొనియు నొకే బంతిని గూర్చుండుడు. మఱునాటి యుదయమున మీ యిష్టము వచ్చిన రీతిని మీరును, ఆతని కిష్టమైన రీతిని ఆతడును ఒకే కప్పుక్రింద బ్రార్థింపుడు. అట్టి గృహమును సర్వేశ్వరుడు తన మందిరముగ గైకొనుగాక!