'జీలిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్': ల్యాప్‌టాప్‌లో ఓకే, రొయ్యల గుంట దగ్గర ఎందుకు ఆగింది?

నెల్లూరు జిల్లాలో మైపాడు వైపు వనామి సాగు చేసేవాళ్లకి అసలు టెన్షన్ తెల్లవారుజామునే. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ వాడేసుకుంటుంది కాబట్టి, సూర్యోదయానికి ముందు డీఓ బాగా పడిపోతుంది. ఆ టైంలో ఏరియేటర్లు ఆగితే పంట పోయినట్టే. అందుకే మా ఫ్రెండ్ వాళ్ల గుంట గట్టు మీద రాస్‌బెర్రీ పై 4 పెట్టాం. డీఓ తగ్గితే ఫోన్‌కి అలర్ట్ పంపే చిన్న సీ++ ప్రోగ్రామ్ అందులో నడుస్తుంది.

ఒక సాయంత్రం వాడు ఉబుంటు 22.04 ల్యాప్‌టాప్‌లో కొత్త వెర్షన్ క్రాస్ కంపైల్ చేసి పై మీద వేశాడు. బిల్డ్‌లో ఒక్క వార్నింగ్ లేదు, కానీ పై మీద అసలు స్టార్టే కాలేదు. పైన చెప్పిన ఎర్రర్ వచ్చింది. ముందు పాత వెర్షన్ మళ్లీ ఆన్ చేయించి, తర్వాత వెతకడం మొదలుపెట్టాను.

పై మీద ఉన్నది బుల్స్‌ఐ ఓఎస్, అంటే జీలిబ్‌సీ 2.31. ఉబుంటు 22.04లో 2.35. ప్రోగ్రామ్‌లో షేర్డ్ లైబ్రరీ కోడ్ ఉండదు, "నాకు ఫలానా ఫంక్షన్ ఫలానా వెర్షన్‌ది కావాలి" అనే చీటీ మాత్రమే ఉంటుంది. కొత్త జీలిబ్‌సీ మీద పాత ప్రోగ్రామ్ నడుస్తుంది, కానీ పాతదాని మీద కొత్తది నడవదు. మరి మనం కొత్త ఫీచరేదీ వాడలేదు కదా? 2021 ఆగస్టులో వచ్చిన 2.34లో థ్రెడ్స్ లైబ్రరీని మెయిన్ లైబ్రరీలో కలిపేశారు, ప్రోగ్రామ్‌ని స్టార్ట్ చేసే ఫంక్షన్‌కి కూడా కొత్త వెర్షన్ ఇచ్చారు. అందుకే ఉబుంటు 22.04లో మామూలుగా బిల్డ్ చేసిన హలో వరల్డ్ కూడా 2.34 అడుగుతుంది!

ఇలాంటప్పుడు చాలామంది ముందు ఎల్‌డీడీ కొడతారు. ఏఆర్ఎం ఫైల్ మీద ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో అది పనిచేయదు. పైగా అది ఫైల్‌ని రన్ చేసే ఛాన్స్ ఉంది కాబట్టి, ఎక్కడినుంచో డౌన్‌లోడ్ చేసిన వాటి మీద అసలు వాడొద్దు. రీడ్‌ఎల్ఫ్‌కి 'హైఫన్ క్యాపిటల్ వి' ఇస్తే ఏ లైబ్రరీ, ఏ వెర్షన్ కావాలో మొత్తం చూపిస్తుంది. అందులో సీ++ లైబ్రరీ లైన్లు కూడా చదవండి, అక్కడా ఇదే గొడవ ఉండొచ్చు. ఫైల్ అసలు దొరకట్లేదంటే మాత్రం డివైస్ మీదే 'ఎల్‌డీ_డీబగ్=లిబ్స్' పెట్టి రన్ చేయండి. లోడర్ ఏ ఫోల్డర్లలో వెతికిందో లైన్ లైన్‌గా చెప్తుంది.

కొత్త జీలిబ్‌సీ ఫైల్‌ని తెచ్చి పై మీద పాతదాని ప్లేస్‌లో పెట్టేద్దామన్నాడు మావాడు. వద్దే వద్దన్నాను. లోడర్, జీలిబ్‌సీ జోడీ కుదరకపోతే 'ఎల్ఎస్' కమాండ్ కూడా పనిచేయదు.

మేం చేసింది సింపుల్: ల్యాప్‌టాప్‌లోనే డాకర్‌లో డెబియన్ బుల్స్‌ఐ కంటైనర్ తీసుకుని అందులో బిల్డ్ చేశాం. రీడ్‌ఎల్ఫ్‌లో ఇప్పుడు అన్నిటికంటే పెద్ద నంబర్ 2.29. ఉష్ణోగ్రతను బట్టి డీఓ లెక్కకట్టడానికి వాడిన 'ఎక్స్‌ప్' ఫంక్షన్ వల్ల వచ్చిందది. 2.31లోపే కాబట్టి ప్రాబ్లం లేదు. తెల్లారి నాలుగున్నరకి ఇద్దరి ఫోన్లూ మోగాయి, వాడు రెండో ఏరియేటర్ ఆన్ చేశాడు.